రెండు రంగుల గాజులు

మొన్న శ్రావణంలో మా పిన్ని పాత గాజులు మార్చి కోడలికి గొలుసు కొందామని బయల్దేరింది. తోడుగా నేనూ వెళ్లాను. పసుపు, తెలుపు చుట్లు కలిపి చేసిన గాజులవి. షాపతను మెషీన్లో పెట్టి చూసి, ‘‘పసుపు భాగానికే బంగారం రేటమ్మా, తెల్లది ప్లాటినం’’ అనేశాడు. ఆరేళ్ల కిందట ఇంకో షాపులో కొన్నప్పుడు మాత్రం మొత్తం తూకానికీ బంగారం ధరే కట్టారట! పాత బిల్లులో ‘గాజులు’ అన్న ఒక్క ముక్కే ఉంది. ఒకప్పుడు ప్లాటినమే ఖరీదు. పదేళ్లుగా దాని ధర బంగారం కంటే కిందే ఉంటోంది.

అసలు నగలో తెల్లగా మెరిసేదంతా ఒకటే లోహం కాదు. 22 క్యారెట్ల నగ మీద తెలుపు చాలావరకు రోడియం పూతే. వాడగా వాడగా అరిగి, కింద పసుపు బయటపడుతుంది. వైట్ గోల్డ్ అయితే సాధారణంగా 18 లేదా 14 క్యారెట్లే. ప్లాటినం మీద ‘పీటీ 950’ అని ఉంటే నూటికి 95 పాళ్లు ప్లాటినం అన్నమాట.

చిక్కంతా ఇక్కడే. మన బీఐఎస్ హాల్‌మార్క్ బంగారానికీ వెండికీ వేసేది. కాబట్టి గాజు మీద ‘22కె916’ కనిపిస్తే అది బంగారం భాగం సంగతి చెబుతుందే తప్ప, పక్కనున్న ప్లాటినం గురించి కాదు. బ్రిటన్‌లో ఇలాంటి మిశ్రమ నగలకు ఓ పద్ధతి ఉంది. సాధారణంగా తక్కువ విలువ లోహం మీద పూర్తి ముద్ర వేసి, ఎక్కువ విలువ దాని మీద స్వచ్ఛత అంకె మాత్రం కొడతారు. వెండి ఉంగరానికి బంగారు పట్టీ ఉందనుకోండి, దాన్ని బంగారు ఉంగరంగా అంటగట్టడానికి వీల్లేదు. ఎంత ముందుచూపో!

మనం చేయగలిగింది బిల్లు దగ్గరే. ఏ లోహం ఎన్ని గ్రాములో విడివిడిగా రాయించుకోండి. మొహమాటపడకండి, తరుగూ మజూరీ అడగట్లేదూ? 2023 ఏప్రిల్ 1 నుంచి బంగారు నగల మీద ఆరక్షరాల హెచ్‌యూఐడీ ఉండాలి. దాన్ని ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూస్తే స్వచ్ఛత తెలుస్తుంది. (రెండు గ్రాముల లోపు నగలకూ, కుందన్, పోల్కీ, జడావులకూ మినహాయింపు.) అనుమానమైతే హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్షించుకోవచ్చు. ముద్రలో ఉన్నదానికంటే స్వచ్ఛత తగ్గిందని తేలితే, ఆ తేడాకు రెండింతలు, పరీక్ష ఖర్చూ ఇవ్వాలన్నది నిబంధన.

పిన్ని గాజులు మళ్లీ బీరువా ఎక్కాయి. కోడలి గొలుసుకు ఈ నెల చీటీ పాడతానంటోంది.