జాబితాలో లేని ఆట

2020 మార్చి 25న ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. దిగువ కృష్ణా డెల్టాలో ఆటల క్యాలెండర్ తెలిసినవారికి ఈ రెండూ ఒకే రోజున పడటం చిన్న విషయం కాదు. ఇక్కడి రేగడి నేలలో వానలు మొదలైంది లగాయతు వరి కోతల దాకా బురదే. ధాన్యం మిల్లుకు చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాకే ఊళ్లో కోర్టు గీస్తారు. కబడ్డీ, వాలీబాల్ పోటీలు సంక్రాంతికి ఊపందుకుంటాయి. మినుము తీసేసిన చేలల్లో టెన్నిస్ బంతితో క్రికెట్ మొదలవుతుంది. ఉగాది, శ్రీరామనవమి, ఆపైన ఊరి తిరునాళ్లు. ఏడాదికి ఆట దొరికేది ఆ నాలుగైదు నెలలే.

ఆ ఏడాది అవి ఆగిపోయాయి. ఎవరు ఆపారంటే జవాబు లేదు. పోలీసులు జనాన్ని రోడ్డెక్కనివ్వలేదు, కాబట్టి ఆగాయి. మళ్లీ ఎప్పుడు మొదలయ్యాయన్నా అంతే. కరోనా కాలంలో చిన్నస్థాయి క్రీడకు జరిగిన నష్టాన్ని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల వైపు నుంచి చూస్తే మొట్టమొదట తగిలేది ఈ ఖాళీయే. జట్టుకు నమోదు లేదు, పోటీకి ముందే ఖాయమైన తేదీ లేదు. ఇక నష్టానికి లెక్క ఎక్కడి నుంచి వస్తుంది?

అదే కాలంలో స్కాట్లండ్‌లో కింది డివిజన్ల ఫుట్‌బాల్ పడ్డ పాట్లు ఇక్కడ పనికొస్తాయి. అక్కడి వృత్తి లీగులో 42 క్లబ్బులు, నాలుగు అంచెలు. పై అంచెలో సెల్టిక్, రేంజర్స్ లాంటి పేరు మోసిన క్లబ్బులు. అట్టడుగు అంచెల్లో చాలామంది పగలు ఇంకో ఉద్యోగం చేసుకుని సాయంత్రం సాధనకు వచ్చే ఆటగాళ్లు. ఆ క్లబ్బులు బతికేది ప్రధానంగా గేటు దగ్గర తెగే టికెట్ల మీద. 2020 మార్చి 13న ఆట ఆగింది. కింది మూడు డివిజన్ల సీజన్‌ను అంతటితో ముగించాలా అని ఏప్రిల్‌లో క్లబ్బులే ఓటేసుకున్నాయి. డండీ క్లబ్బు ‘వద్దు’ అని పంపిన ఓటు ఈమెయిల్ వడపోతలో ఇరుక్కుపోయింది. కొద్దిరోజులకు అదే క్లబ్బు మనసు మార్చుకుని ‘సరే’ అంది, తీర్మానం నెగ్గింది. మన పంచాయతీ ఎన్నికల్లో కూడా ఇంత రసవత్తరమైన మలుపు అరుదు! పార్టిక్ థిసిల్ తన పైనున్న జట్టు కన్నా ఒక మ్యాచ్ తక్కువ ఆడింది, రెండే పాయింట్లు వెనకబడి ఉంది. అయినా కింది డివిజన్‌కు దించేశారు. అన్యాయమే. హార్ట్స్ అనే మరో క్లబ్బుతో కలిసి మధ్యవర్తుల ముందు వాదించింది, ఓడింది. కానీ వాదించడానికి ఒక చోటంటూ ఉంది, చూపించడానికి పాయింట్ల పట్టిక ఉంది.

ఆట తిరిగి మొదలైన తీరూ అంతే గందరగోళం. కింది డివిజన్లు 2020 అక్టోబరులో ఖాళీ స్టాండ్ల ముందు మైదానంలోకి దిగాయి. 2021 జనవరి 11న అడుగు రెండు డివిజన్లను మళ్లీ ఆపేశారు. మార్చిలో కరోనా పరీక్షల షరతుతో అనుమతిచ్చి, 27 మ్యాచ్‌ల సీజన్‌ను 22కు కుదించారు. ప్రభుత్వం పై డివిజన్‌కు అప్పు ఇచ్చి, కిందివారికి గ్రాంటు ఇచ్చింది. ఒక దాత ఇచ్చిన విరాళంతో 42 క్లబ్బులకూ తలా 50 వేల పౌండ్లు తీసుకునే వీలు కలిగింది. 2021 మార్చి 23న స్కాటిష్ కప్‌లో బ్రోరా రేంజర్స్ అనే చిన్న ఊరి జట్టు హార్ట్స్‌ను 2-1తో ఓడించింది. బ్రోరా ఆడే హైలాండ్ లీగ్ ఈ 42 క్లబ్బుల కింద ఉంటుంది. ఆ సీజన్ మొత్తంలో ఆ జట్టు ఆడిన లీగ్ మ్యాచ్‌లు మూడంటే మూడే.

స్కాట్లండ్‌కు డబ్బుంది, మనకు లేదు అని కొట్టిపారేయడం తేలిక. డబ్బు సంగతి నిజమే. అయితే ఆ డబ్బు ఎవరి ఖాతాలో వేయాలో అక్కడ ముందే రాసి ఉంది. దివిసీమలో ఏ దాతైనా ముందుకొచ్చి ‘కబడ్డీ జట్లకు తలా పదివేలిస్తాను, జాబితా ఇవ్వండి’ అని ఉంటే, ఇచ్చేవారు ఎవరు?

మన దేశంలో పై అంచె లేచి నిలబడటానికి ఆట్టే కాలం పట్టలేదు. ప్రేక్షకులు లేకుండా స్టేడియాలు తెరవొచ్చని కేంద్రం 2020 మే నెలలోనే అంది. ఐపీఎల్ సెప్టెంబరు 19న ఎమిరేట్స్‌లో, ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ నవంబరు 20న గోవాలో మొదలయ్యాయి. అక్టోబరులో ఆంధ్ర క్రికెట్ సంఘం కూడా అనంతపురంలో ఆరు జట్లతో టీ20 లీగు నడిపింది. ఒక మెట్టు దిగితే కథ వేరు. 1934-35లో పుట్టిన రంజీ ట్రోఫీకి 2020-21లో మొదటిసారి విరామం వచ్చింది. ప్రో కబడ్డీ అయితే 2020లో జరగనే లేదు. 2021 డిసెంబరు 22న బెంగళూరులో ఒక హోటల్లోనే కోర్టు వేసి, ప్రేక్షకులు లేకుండా మొదలుపెట్టారు. ఆ సీజన్‌లో తెలుగు టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి గెలిచింది ఒక్కటే. బయటివారెవరినీ రానివ్వని బయో బబుల్ కూడా ఆ జట్టును ఓటమి నుంచి కాపాడలేకపోయింది.

కబడ్డీకి ఇంత ఆలస్యం కావడానికి కారణం ఆటలోనే ఉంది. కూతకు వెళ్లినవాడు ఊపిరి తిప్పుకోకుండా, నోరు మూయకుండా, ఏడుగురి మధ్య తిరగాలి. వాళ్లు మీద పడి నడుము పట్టుకుంటారు, మడమ పట్టుకుంటారు, ముఖం ముఖానికి తగిలేంత దగ్గరగా నేలకు వత్తిపెడతారు. మాస్కు, ఆరడుగుల దూరం అన్న రెండు మాటలకూ ఇంతకన్నా పరమ శత్రువైన ఆటను ఊహించడం కష్టం.

మరి డెల్టా ఊళ్లు ఏం చేశాయి? 2021 సంక్రాంతికి కోడి పందేల బరులు యథావిధిగా వెలిశాయి. కోర్టు నిషేధం అడ్డుపడలేదు, వైరస్ భయమూ అడ్డుపడలేదు. ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు, మార్చి 10న మచిలీపట్నం నగరపాలక సంస్థ ఎన్నికలు జరిగాయి. ఇంత జనం గుమిగూడిన కాలంలో అంతర పాఠశాలల కబడ్డీ పోటీ మాత్రం ప్రమాదం కింద లెక్క. పందెం వెనక డబ్బుంది, ఎన్నిక వెనక రాజ్యాంగం ఉంది. బడి ఆట వెనక ఒక పీఈటీ మాస్టారు, ఆయన మెడలో ఒక విజిల్ తప్ప ఎవరూ లేరు. ప్రైవేటు బడుల్లో జీతాలు ఆగిపోయినవారిలో ఆ మాస్టార్లూ ఉన్నారు.

ఈ విరామం అందరికీ ఒకేలా తగల్లేదు. తొమ్మిది, పది తరగతులకు బడులు 2020 నవంబరు 2న తెరుచుకున్నాయి. రెండో ఉధృతిలో మూతపడి 2021 ఆగస్టు 16న మళ్లీ తెరుచుకున్నాయి. పాఠశాల క్రీడలు అండర్-14, అండర్-17, అండర్-19 అనే వయసు గీతల మధ్య నడుస్తాయి. 2020లో పదహారేళ్ల కుర్రాడికి రెండు సీజన్లు పోతే అండర్-17 గీత దాటిపోయినట్టే. అంతర్జాతీయ ఆటగాడు వాయిదా పడిన టోక్యో ఒలింపిక్స్‌కు ఏడాది ఆగి వెళ్లాడు. ఏటిమొగ రేవులో పంటు దిగి నాగాయలంక వచ్చే ఎదురుమొండి కుర్రాడికి ఆ ఏడాదిని ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఈ ప్రాంతపు కుటుంబాలకు ఆట సరదా మాత్రమే కాదు. సర్టిఫికెట్, దాని వెంట క్రీడా కోటా, ఆపైన కానిస్టేబుల్ ఉద్యోగమో రైల్వే ఉద్యోగమో అన్న లెక్క తల్లిదండ్రుల మనసులో ఎప్పుడూ ఉంటుంది.

ఊరి టోర్నీకి ఈ సర్టిఫికెట్ విలువ లేదు. దాని కరపత్రం చూస్తే వ్యవస్థ అంతా అర్థమవుతుంది. పైన నాయకుల ఫొటోలు, కింద ప్రథమ బహుమతి దాత, ద్వితీయ బహుమతి దాత, షీల్డు దాత, భోజనాల దాత. ఆటగాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. దాతలున్నంత కాలం ఇది బాగానే నడుస్తుంది, ఒక్కోసారి సర్కారు పోటీల కన్నా బాగా నడుస్తుంది. ఆక్వా ధర పడిపోయిన ఏడాది, పెద్ద జబ్బు వచ్చిన ఏడాది కరపత్రమే అచ్చు కాదు.

జాబితా తయారు చేయడం అసాధ్యమేమీ కాదని 2023 డిసెంబరు 26న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ క్రీడా పోటీ ‘ఆడుదాం ఆంధ్రా’ చూపింది. 15,004 గ్రామ, వార్డు సచివాలయాల నుంచి ఐదు ఆటలకు పేర్లు రాసుకున్నారు. ఎన్నికల ముందటి హడావిడి, కిట్ల నాణ్యతపై విమర్శలు అటుంచితే, గ్రామస్థాయి ఆటగాడి పేరు ఒక పుస్తకంలోకి ఎక్కింది. ప్రభుత్వం మారింది, ఆ పుస్తకం పక్కకు పోయింది. ముఖ్యమంత్రి ఫొటోతో పుట్టిన లీగు ముఖ్యమంత్రితోనే పోతుంది. ఏ పార్టీ పాలనలోనైనా ఇదే వరస.

2022 ఏప్రిల్ 4న విజయవాడ వేరుపడ్డాక కృష్ణా జిల్లాలో 25 మండలాలు మిగిలాయి. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డల మధ్య ఆర్టీసీ బస్సులో పొద్దున్నే వెళ్లి, ఆడి, చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు. మండలానికో జట్టు, కోతల నుంచి ఉగాది దాకా వారానికో మ్యాచ్, గోడ మీద అతికించిన పాయింట్ల పట్టిక ఉంటే చాలు. సంఘాల్లో వర్గాలుంటాయి, వయసు దొంగలెక్కలుంటాయి, అంపైర్‌తో గొడవలుంటాయి. పార్టిక్ థిసిల్‌కు జరిగినలాంటి అన్యాయాలూ జరుగుతాయి. వాటి మీద ఫిర్యాదు రాయడానికైనా ముందు లీగంటూ ఉండాలి.

2024 నవంబరులో వచ్చిన రాష్ట్ర క్రీడా విధానం ఉద్యోగాల్లో కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఆ అదనపు ఒక్క శాతం ఎవరికి దక్కుతుందన్నది పోటీలకు గుర్తింపు ఇచ్చేవారి చేతిలో ఉంది. జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ డిసెంబరు కోతల లోపు 25 మండలాల్లో జట్ల పేర్లు అడిగి రాసుకోవడానికి కొత్త స్టేడియం అక్కరలేదు. ఊరి జట్లలో ఎవరెవరు ఆడుతున్నారో అక్కడి పీఈటీలను అడిగితే చెబుతారు.