ఇంటి లెక్క: ఫోనులో మీటరు, గోడ మీద మీటరు

“అన్నా, ఈ ఫోను జర చూడు. నాకైతే ఏం సమజైతలేదు” అంటూ మా గల్లీ చెల్లె ఒకామె పోయిన నెల దీపాలు పెట్టే వేళకు మా గడపలో కూర్చుంది. బీడీలు చుట్టే మనిషి. చాట పక్కన పెట్టి వచ్చిందంటే సంగతి పెద్దదే అనుకున్నాను. ఇంటాయన సాంచాల మీద రాత్రి పాళీ, కొడుకు పూనాలో పని. ఇంట్లో ఉండేది ముగ్గురు. పాత మీటరున్నప్పుడు నెలకు 135 యూనిట్లు అటో ఇటో, లైటు బిల్లు 1300 రూపాయలు. కొత్త స్మార్ట్ మీటరు పెట్టినంక వచ్చిన బిల్లులు 228, ఆ పైన 231 యూనిట్లు. రెండు వేల ఐదు వందలు దాటింది. “నా వారం పగారు రెండు సార్లు కరెంటుకే పాయె” అన్నది.

మీటరు బిగించిన పిల్లగాడు పోతూ పోతూ ఒక మాట చెప్పి పోయాడట: “మావుషీ, ఇక మీదట అంతా యాప్‌లో కనిపిస్తది. రోజూ ఎంత కాలిందో చూసుకోవచ్చు.” ఆమె ఆ మాట నమ్మింది. నమ్మి, రెండు నెలలు ఆ యాప్ చుట్టూ తిరిగింది.

మొదట అది 12 అంకెల గ్రాహక నంబరు అడిగింది. బిల్లు మీద చూసి కొట్టారు. తర్వాత ఓటీపీ పంపానన్నది. ఎక్కడికి పంపింది? మీటరు ఆమె మామ పేరు మీద ఉంది, ఫోను నంబరూ ఆయనదే. ఆయన పోయి ఆరేళ్లు. ఆ నంబరు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో దేవుడికి తెలియాలి. నంబరు మార్చుకుందామంటే యాప్ మళ్లీ పాత నంబరుకే ఓటీపీ పంపుతానంటుంది! ఆఫీసుకు పోతే కిటికీ అవతలి మనిషి “ఆన్‌లైన్ చేసుకోండి తాయీ” అన్నాడట. ఆన్‌లైన్ కాకనే కదా ఆమె రెండు రిక్షాలు మారి అక్కడికి వచ్చింది.

మన ఇళ్లలో ఇది ఒక్కామె కష్టం కాదు. సగం మీటర్లు తాతల పేర్ల మీదనే ఉన్నాయి. మిల్లులో పని దొరికి, తెలంగాణ నుంచి వచ్చి, చిట్టీలు కట్టి గుంటెడు జాగా కొన్నప్పుడు ఎవరు కట్టించారో వాళ్ల పేరే నడుస్తోంది. ఫోను పిల్లల దగ్గర, పిల్లలు ఊరు బయట. యాప్ ఇంగ్లీషులోనో మరాఠీలోనో మాట్లాడుతుంది. ఇంత మందిమి ఇన్ని తరాలుగా ఇక్కడ ఉన్నా తెలుగు దానికి రాదు. మరాఠీ మనం మాట్లాడతాం, సరే, కానీ మా ఈడు ఆడవాళ్లలో ఎంతమంది చదువుతారు?

చివరికి కాగితం మీద అర్జీ రాశాం. మామ మరణ దాఖలా, ఆధార్, ఇంటి పట్టీ రసీదు జత చేసి, ముందు ఫోను నంబరు మార్చమని, తర్వాత పేరు మార్చమని. రెండూ ఒకే అర్జీలో రాయకండి, పేరు పని ఆగితే దాంతో పాటు నంబరు పనీ ఆగుతుంది. పది రోజులకు నంబరు మారింది. యాప్ తెరుచుకుంది.

తెరుచుకుంటే ఏం కనిపించింది? రంగు రంగుల కడ్డీలు. సోమ, మంగళ, బుధ మూడు రోజులు సున్నా. గురువారం నాడు మాత్రం 31 యూనిట్లు! “అన్నా, గురువారం మేం ఏం చేసినం? ఇంట్లో ఎవ్వరం లేం, పెండ్లికి పోయినం” అని ఆమె భయపడింది. భయపడే పని లేదు. ఈ మీటరు లోపల ఒక సిమ్ లాంటిది ఉంటుంది, లెక్క దాని ద్వారా పోతుంది. నెట్‌వర్కు దొరకని రోజుల లెక్క తర్వాత ఒక్కసారే వచ్చి పడింది. నాలుగు రోజులకు 31 అంటే రోజుకు ఎనిమిది లోపే. ఆ మాట రాయడానికి ఆ యాప్‌లో ఒక్క వరుస జాగా లేదా?

ఇంకో చిక్కు. యాప్‌లో నెల అంటే ఒకటో తారీఖు నుంచి. బిల్లులో నెల అంటే రీడింగు నుంచి రీడింగు దాకా, ఆమెకైతే 17 నుంచి 16 వరకు. అందుకే యాప్ ఒకటి చెప్తే బిల్లు ఇంకోటి చెప్తుంది. రెండిట్లో ఒకటి అబద్ధమని ఆమె అనుకుంది. రెండూ నిజమే, తారీఖులు వేరు.

వీటన్నిటి కింద ఒక ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి, పోయిన ఏడు కంటె మీ వాడకం 69 శాతం పెరిగింది, కరెంటు ఆదా చేయండి అని ఇంగ్లీషులో సలహా. అది చదివి చెప్పినప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను. మూడు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, ఒక టీవీ. ఎక్కడ ఆదా చేయాలి? అప్పటికే నడి ఎండాకాలం మధ్యాహ్నాలు ఫ్యాను ఆపి బీడీలు చుడుతోంది, ఆకు ఎగిరిపోకుండా అని పైకి చెప్తోంది.

మిల్లు నడిచిన రోజుల్లో నేను ఎలక్ట్రిక్ ఖాతాలో వైర్‌మన్‌ని. మా మేస్త్రీ ఒకటే నేర్పాడు, ముందు మీటరు దగ్గరికి పో అని. ఫోను మూసి గోడ మీటరు దగ్గరికి పోయాం. కొత్త మీటరు తెర మీద తారీఖు, టైము, వోల్టేజి ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. పక్కన కేడబ్ల్యూహెచ్ అని కనిపించే అంకె ఒక్కటే మనకు కావాల్సింది. అదే యూనిట్లు. ఇక ఎర్రగా ఒక చిన్న లైటు మినుకుతుంటుంది. మీటరు మీద దాని లెక్క రాసి ఉంటుంది. ఆమె మీటరు మీద 3200 అని ఉంది. అంటే 3200 సార్లు మినికితే ఒక యూనిట్. మీ మీటరు మీద వేరే అంకె ఉండవచ్చు, చూసుకోండి.

రాత్రి తొమ్మిదింటికి ఇంటి మెయిన్ స్విచ్ ఆపించాను. మినుకుడు ఆగింది. మీటరు మంచిదే, లీకు లేదు. నాకూ దిక్కు తోచలేదు. సరే, ఒక పాత నోటుబుక్కు ఇచ్చి, రోజుకు నాలుగు సార్లు ఆ అంకె రాయమన్నాను: పొద్దున ఆరు, ఎనిమిది, సాయంత్రం ఆరు, రాత్రి పది. ఆమె చిన్న బిడ్డ తొమ్మిదో తరగతి, ఆ పిల్ల రాసింది.

వారం తర్వాత నోటుబుక్కు చూస్తే దొంగ దొరికాడు. పొద్దున ఆరింటికి 612.4. ఎనిమిదింటికి 614.7. రెండు గంటల్లో 2.3 యూనిట్లు! వంట గ్యాసు మీద. ఆ వేళకు నడిచేది ఒక ఫ్యాను, ఒక లైటు, ఫ్రిజ్. పావు యూనిట్, మహా అయితే దానికి కొంచెం ఎక్కువ కాలాలి. వారమంతా అదే తీరు.

మరునాడు ఆరున్నరకు పోయి మళ్లీ మెయిన్ ఆపించాను. ఇల్లంతా చీకటి. మీటరు లైటు మాత్రం సెకనుకొకటి చొప్పున టిక్కు టిక్కుమని మినుకుతూనే ఉంది. పెరట్లో నీళ్ల మోటారు గుర్రుమంటోంది.

ఆ వాకిట్లో నాలుగిళ్లు, అన్నదమ్ములవే. బోరు మోటారు ఉమ్మడిది, దానికి వేరే మీటరు. బిల్లు నలుగురు పంచుకుంటారు. ఐదు మీటర్లు ఒకే బోర్డు మీద ఉన్నాయి. కొత్తవి బిగించిన రోజు తీగలు కలగాపులగమై మోటారు తీగ ఈమె మీటరు కిందికి వచ్చి చేరింది, అదీ ఆమె మెయిన్ స్విచ్ కంటె ముందు. మోటారు ఒక హార్స్‌పవరు, గంటకు సుమారు ఒక యూనిట్ తీసుకుంటుంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట. రోజుకు మూడు, నెలకు 90 పైన. 135కు అవి కలపండి, ఆమె బిల్లు వచ్చేసింది. పైగా మనకు స్లాబులున్నాయి: మొదటి 100 యూనిట్ల రేటు వేరు, 101 నుంచి 300 వరకు దాదాపు రెట్టింపు. ఎక్కువైన యూనిట్లన్నీ ఆ పై రేటులోనే పడ్డాయి. వాటి మీద మళ్లీ వహన ఆకార్, వీజ్ శుల్క్.

ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియని ముచ్చట ఒకటుంది. మోటారు మీటరు బిల్లు ఆ రెండు నెలలూ దాదాపు ఏమీ రాలేదు. ఆ బిల్లు చూసే పెద్ద బావగారు కొత్త మీటరు మంచిదని అందరికీ చెప్పుకుంటున్నాడు!

యాప్ తప్పు చెప్పలేదు. ఆమె మీటరులో తిరిగిన యూనిట్లే చూపింది. ఎవరి కోసం తిరిగాయో దానికి తెలియదు, చూసి అడిగే మనిషి ఆఫీసులో లేడు. మునుపు రీడింగు తీసే మనిషి నెలకోసారి గడపకు వచ్చేవాడు. “ఏం మావుషీ, ఈసారి ఎక్కువ వచ్చింది, ఏసీ పెట్టించినవా?” అని అయినా అనేవాడు.

ప్రతి పెద్ద బిల్లూ తప్పు బిల్లు కాదు, అదీ చెప్పాలి. ఇదే పద్ధతిలో వెనక గల్లీ తమ్ముడి ఇల్లు చూస్తే మీటరు సరిగ్గా ఉంది. స్నానాల నీళ్లకు 1500 వాట్ల హీటర్ రాడ్ తెచ్చారు, ముగ్గురి స్నానాలకు రోజూ గంటంపావు నడుస్తోంది. నెలకు 56 యూనిట్లు దానివే. పాత ఫ్యాను 75 వాట్లు, 20 గంటలు తిరిగితే ఒకటిన్నర యూనిట్. ఈ లెక్కకు యాప్ అక్కర లేదు: వాట్లను గంటలతో గుణించి వెయ్యితో భాగించండి.

అద్దెకున్నవాళ్ల సంగతి వేరు. యాప్ ఓనర్ ఫోనులో ఉంటుంది, మీకు సబ్‌మీటర్ ఉంటుంది, ఆయన చెప్పిందే రేటు. నెల మొదటి రోజు, ఆఖరు రోజు సబ్‌మీటర్ అంకెను ఓనర్ ఎదుటే ఫోటో తీయండి. అసలు బిల్లు చూపమని అడగండి. అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటాడేమో అన్న భయం ఉందని నాకు తెలుసు. ఒక్కరు కాక ఆ వాడలోని కిరాయిదారులంతా కలిసి అడిగితే కొంత నయం.

ఇక కాయిదా. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలని కేంద్రం 2020లో తెచ్చింది. మీటరు చూడకుండా అందాజాగా వేసే బిల్లులు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుకు మించకూడదని అందులో ఉంది. 2024 ఫిబ్రవరి సవరణ ఇంకా పనికొచ్చేది: నా వాడకానికీ రీడింగుకూ పొంతన లేదని మీరు తక్రార్ ఇస్తే, ఐదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు సరిపోల్చి చూడాలి. మీటరు ఊరికే తొందరగా తిరుగుతోందని అనుమానం ఉన్నవాళ్లు ఆ మాట అర్జీలో రాయండి. 1912కు ఫోను చేస్తే తక్రార్ నంబరు ఇస్తారు, రాసుకోండి. కానీ ఫోను తక్రార్‌తో ఆగకండి. కాగితం ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి, దాన్నే పోచ్ అంటారు. ఆఫీసులో తేలకపోతే గ్రాహక్ తక్రార్ నివారణ్ మంచ్ ఉంది, దాని పైన విద్యుత్ లోక్‌పాల్. ఈ రెండు మెట్లూ 2003 విద్యుత్ చట్టంలోనే ఉన్నాయి. పోచ్ లేనివాడి మాట ఎక్కడా నిలబడదు.

ఒక హెచ్చరిక: మీటరు లైటు చూడండి, అంకె రాయండి, మెయిన్ ఆపి చూడండి, అంతవరకే. బోర్డు విప్పకండి, సీలు ముట్టకండి. సీలు తెగితే మీరే దొంగలవుతారు. నేనూ ముట్టలేదు. అర్జీ ఇచ్చాక వాళ్ల మనుషులే వచ్చి మోటారు తీగను దాని మీటరుకు మార్చారు. ఆ తర్వాతి 15 రోజుల్లో చెల్లె నోటుబుక్కులో 66 యూనిట్లు.

పోయిన పైసల సంగతి ఇంకా తేలలేదు. మోటారుకు కాలిన యూనిట్లు ఆమె బిల్లు నుంచి తీసి మోటారు బిల్లులో వేయమని రాసిన అర్జీకి ఆఫీసు నుంచి జవాబు రాలేదు. నలుగురూ తాగిన నీళ్లే కాబట్టి ఎవరి వంతు వాళ్లు ఇచ్చేద్దామని పెద్ద బావ అన్నాడు, ఇచ్చాడు కూడా. చిన్న మరిది నెలాఖరుకు ఇస్తానన్నాడు. మూడో ఇంటివాళ్లు మాత్రం తప్పు కరెంటోళ్లది, వాళ్లనే అడుగు అంటున్నారు. తోడికోడండ్ల మధ్య మాటలు తగ్గాయి. నోటుబుక్కు పట్టుకుని ఆ ఇంటికి నేను కూడా ఒకసారి పోయి కూర్చోవాలి.

ప్రతి ఆదివారం పొద్దున పదింటికి వాచనాలయంలో ఉంటాను. లైటు బిల్లు పాతదొకటి, కొత్తదొకటి, వారం రోజుల మీటరు అంకెలు రాసిన కాగితం తెచ్చుకోండి. ఫోను లేకున్నా పర్వాలేదు.