వానలలో వినాయకోత్సవము

ముంబయిలో వానకాలము ముగియక మునుపే వినాయకచవితి వచ్చును. కావున గ్రాంటురోడ్డు, కామాఠీపురా చాల్‌లలోని మన తెలుగువారు ఉత్సవమును, నీటిముంపును ఒక్క వాకిటనే ఎదుర్కొనవలసి యుండును.

2017 ఆగస్టు 29వ తేదీన, చవితి వెళ్లిన నాలుగవనాడు, శాంతాక్రూజులో 300 మిల్లీమీటర్లకు మించి వర్షము కురిసెను. రైళ్లు నిలిచిపోయెను. ఇల్లు చేరలేని జనులకు లాల్‌బాగు మొదలగు చోట్ల గణపతి మండలులవారే అన్నము పెట్టి, తలదాచుకొన చోటిచ్చిరి. ఇట్టి ఆపదలో ఉత్సవమేల యనువారికి ఇదియే ప్రత్యుత్తరము.

అయినను అన్నదానముతో మన ధర్మము తీరలేదు. రెండు దినములకే, ఆగస్టు 31న, మన పొరుగుననే యున్న భేండీబజారులో నూరేండ్లు దాటిన హుస్సేనీ భవనము కూలి 33 మంది మృతిచెందిరి. మన చాల్‌లలోను శిథిలములు లేకపోలేదు.

చాల్‌లను విడిచి దూరపు పేటలకు తరలి, పండుగనాడు మాత్రము దర్శనమునకు వచ్చు ఉద్యోగస్థులకు, ఇంజనీర్లకు మా మనవి యొక్కటి. చందా యిచ్చి తృప్తిపడకుడు. అందొక భాగము మృగశిరకార్తెకు ముందే ఇండ్ల కప్పులకును, మురుగుకాలువలకును వ్యయమగునట్లు చూడుడు. గోడలను మీరే వచ్చి పరీక్షింపుడు. విఘ్నేశ్వరుని పూజించువారు విఘ్నమును ముందుగా కనిపెట్టవలదా?