రీళ్లకు లాభనష్టాల లెక్కా?

తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరిలో విడుదలైంది. ఈ రోజు చూద్దామంటే ఎక్కడా లేదు. ప్రింటు లేదు, నెగటివ్ లేదు. మన భాష తెరమీద తొలిసారి ఎలా పలికిందో వినే భాగ్యం మనకు లేదు, మన పిల్లలకూ ఉండదు. అంతకు సుమారు పదేళ్ల ముందు రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’దీ అదే గతి. దేశం మొత్తం మీద 1300కు పైగా మూకీలు తయారైతే, తునకలుగా దొరికినవి కలుపుకున్నా మిగిలినవి ముప్ఫైకి లోపే. తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ కూడా పోయినవాటిలోనే ఉంది.

ఇవి వాటంతటవే పోలేదు. ఆట ముగిసిన సినిమా ఆనాటి వ్యాపారికి సరుకు కూడా కాదు, తుక్కు. రీళ్లను కరిగించి వెండి తీసుకున్నారు. మిగిలిన సెల్యులాయిడ్ గాజులకూ సంచులకూ పోయింది. వాళ్లను తిట్టి లాభం లేదు. లాభం రాని వస్తువును దాచమని వ్యాపారికి ఎవరూ చెప్పలేరు. ఆ పని చేయాల్సింది ప్రజల డబ్బుతో నడిచే సంస్థ. అందుకే 1964లో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుట్టింది. దాన్ని దశాబ్దాల పాటు మోసిన పి.కె.నాయర్ ఫాల్కే కుటుంబం దగ్గరికి వెళ్లి ‘రాజా హరిశ్చంద్ర’, ‘కాళీయ మర్దన్’ రీళ్లు సంపాదించారు. ఊరూరా తిరిగి, బతిమాలి, మొండికేసి, పాత గోదాముల్లో దుమ్ము పట్టిన డబ్బాలు మోసుకొచ్చారు. ఈ రోజు ఫాల్కే సినిమా మన కళ్లతో చూడగలుగుతున్నామంటే అది ఆ శ్రమ ఫలమే. ఆ శ్రమకు ఆదాయం ఎంత వచ్చిందని ఎవరైనా అడిగితే ఏమని చెబుతాం?

కానీ ఇప్పుడు ఆ ప్రశ్నే అడిగే చోటికి ఆర్కైవ్‌ను చేర్చారు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది. 2022 మార్చి నెలాఖరుకు ఫిల్మ్స్ డివిజన్, ఫిల్మ్ ఆర్కైవ్, బాలల చిత్ర సమితి, చిత్రోత్సవాల డైరెక్టరేట్ నాలుగూ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో, అంటే ఎన్ఎఫ్‌డీసీలో కలిసిపోయాయి. ఎన్ఎఫ్‌డీసీ కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థ. దానికి ఏటా బ్యాలెన్స్ షీటు ఉంటుంది, నష్టం వస్తే సంజాయిషీ ఉంటుంది. ఒకే పనిని నలుగురు చేయడం దుబారా అని ప్రభుత్వం చెప్పిన కారణంలో కొంత నిజం ఉంది. ఆస్తుల యాజమాన్యం భారత ప్రభుత్వానిదేనన్న హామీ కూడా ఇచ్చింది. అయినా మేము ఈ విలీనాన్ని సమర్థించలేం. సినిమాకు పెట్టుబడి పెట్టడం ఒక పని, సినిమాను కాపాడటం మరో పని. మొదటిదానికి వ్యాపార దృష్టి కొంత అవసరం. రెండోదానికి ఆ దృష్టి ప్రాణాంతకం. పద్దు పుస్తకం ఒకటే అయినప్పుడు, డబ్బు చాలని ఏడాది ముందుగా కోత పడేది గోదాములోని ఏసీ ఖర్చు మీదే.

అలాగని విలీనానికి ముందు అంతా బాగుందని అనడం లేదు. 2003 జనవరిలో పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలోని గోదాములో మంటలు రేగి, ఆర్కైవ్ దాచిన పాత నైట్రేట్ చిత్రాలు వందలాదిగా బూడిదయ్యాయి. నైట్రేట్ ఫిల్ముకు నిప్పంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. దాన్ని ఎలా దాచాలో తెలిసిన మనుషులు, చల్లటి గదులు, స్థిరమైన నిధులు కావాలి. ఆ మూడింటినీ ప్రభుత్వాలు ఏనాడూ పూర్తిగా ఇవ్వలేదు. ఆ లోటు పూడ్చడానికి ఆర్కైవ్‌ను బలపరచాల్సింది పోయి, దాని వేరు ఉనికినే తీసేశారు.

ఎన్ఎఫ్‌డీసీ మీద మాకు ద్వేషం లేదు. రుణపడి ఉన్నాం. దానికి ముందు 1960లో మొదలైన ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఇచ్చిన చిన్నపాటి అప్పుతో మృణాల్ సేన్ 1969లో ‘భువన్ షోమ్’ తీశారు. ఏ ఫైనాన్షియరూ గడప తొక్కనివ్వని కథ అది. ఒక కరకు రైల్వే అధికారి పక్షుల వేటకు వెళ్లి, ఒక పల్లెపిల్ల ముందు మెత్తబడతాడు, అంతే. భారతీయ సినిమాలో కొత్త దారి అక్కడ తెరుచుకుంది. ఎన్ఎఫ్‌డీసీ డబ్బుతో 1983లో కుందన్ షా తీసిన ‘జానే భీ దో యారో’కు అయిన ఖర్చు ఏడు లక్షల లోపే. అవినీతి మీద అంత నవ్వించి, అంత కోసిన సినిమా మళ్లీ రాలేదు.

తెలుగుకూ ఆ చేయి అందింది. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథను కె.ఎస్.సేతుమాధవన్ 1995లో ‘స్త్రీ’గా తీశారు. ఎన్ఎఫ్‌డీసీ, దూరదర్శన్ కలిసి నిర్మించాయి. రాత్రివేళ కాలువలో సాగే పడవ, తనను వంచించిన పద్దాలు కోసమే బతికే రంగి. ఇందులో హీరో లేడు, ఫైటు లేదు, తీర్పు చెప్పే పెద్దమనిషి లేడు. రంగి చేసింది తప్పో ఒప్పో తేల్చకుండా ఆమెనే చూస్తూ ఉండిపోతాం. రోహిణి ఆ పాత్రలో జీవించారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డూ వచ్చింది. కానీ మన ఊళ్లలో హాల్లో టికెట్టు కొని ఈ సినిమా చూసినవాళ్లు ఎవరు? సంస్థ చేసిన పెద్ద తప్పు ఇక్కడే ఉంది. తీయడానికి డబ్బు ఇచ్చింది, ఆడించడానికి దారి చూపలేదు. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో వచ్చే అవార్డు సినిమాల కోసం భోజనాలు త్వరగా ముగించుకుని కూర్చున్న తరం ఒకటి ఉంది. బెంగాలీ, మలయాళ, కన్నడ సినిమాలు వాళ్లకు తెలిసింది ఆ గంటల్లోనే. ఆ కిటికీ మూసుకుపోయాక ఇంకొకటి తెరవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఫిల్మ్స్ డివిజన్ అంటే సినిమాకు ముందు వేసే న్యూస్ రీలే చాలామందికి గుర్తు. ఎమర్జెన్సీలో అది ప్రభుత్వ బాకా ఊదిన మాటా నిజమే. కానీ అదే సంస్థలో ఎస్.ఎన్.ఎస్.శాస్త్రి 1967లో ‘ఐ యామ్ 20’ తీశారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టిన యువతీ యువకులు తమ ఆశలతో పాటు నిరాశనూ సర్కారు కెమెరా ముందే దాపరికం లేకుండా చెప్పుకున్నారు. ఈ రెండూ ఒకే గూటి నుంచి వచ్చాయి. సంస్థ పగ్గాలు మంత్రి చేతిలో ఉన్నాయా, సినిమా తెలిసినవాళ్ల చేతిలో ఉన్నాయా అన్నదే తేడా. ఇక 1955లో మొదలైన బాలల చిత్ర సమితి విషయం హైదరాబాద్‌కు వేరే చెప్పనక్కర్లేదు. రెండేళ్లకోసారి నవంబరులో సమితి ఇక్కడ జరిపే బాలల చిత్రోత్సవంలో దేశదేశాల సినిమాలు చూడటానికి బడి పిల్లలు బస్సుల్లో దిగేవారు. 2017లో 20వ ఉత్సవం జరిగింది. ఆ తర్వాత ఆ వరస తెగిపోయింది.

పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్’ 2024లో కాన్ ఉత్సవంలో గ్రాండ్ ప్రి గెలిచినప్పుడు దేశమంతా మురిసింది. ముంబయిలో పనిచేసే మలయాళీ నర్సుల కథ అది. దాని నిర్మాణంలో ఫ్రాన్స్, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, ఇటలీ సంస్థలు పాలుపంచుకున్నాయి. మన నర్సుల కథ చెప్పడానికి పరాయి దేశం తలుపు తట్టాల్సి రావడం మురిసే విషయం కాదు. ఫ్రాన్స్‌లో ప్రతి సినిమా టికెట్టు మీదా పదిన్నర శాతం పైచిలుకు వసూలు చేసి, 1946లో ఏర్పడిన జాతీయ సినిమా కేంద్రానికి ఇస్తారు. హాలీవుడ్ సినిమా టికెట్టు మీదా అంతే. మన దగ్గర టికెట్టు వంద దాటితే 18 శాతం జీఎస్టీ కడుతున్నాం. అందులో సినిమా కోసం ఖాయంగా పక్కన పెట్టేది ఏమీ లేదు.

కాబట్టి మా మాట స్పష్టం. ఫిల్మ్ ఆర్కైవ్‌ను ఎన్ఎఫ్‌డీసీ నుంచి వేరు చేసి, పార్లమెంటు చట్టంతో స్వతంత్ర ప్రతిపత్తి ఇవ్వాలి. టికెట్ల మీద వచ్చే పన్నులో నిర్ణీత వాటాను సినిమాల పరిరక్షణకూ, చిన్న సినిమాలకూ, అవి ఆడే హాళ్లకూ కేటాయించాలి. ఎన్ఎఫ్‌డీసీ డబ్బు పెట్టిన ప్రతి సినిమా ఆ భాషా ప్రాంతంలోని జిల్లా కేంద్రాల్లో ఆడేలా చూసే పూచీ కూడా ఆ సంస్థదే కావాలి.

తెలుగు ప్రభుత్వాలు రెండూ జవాబు చెప్పాల్సింది మరొకటుంది. పుణె ఆర్కైవ్‌కు బెంగళూరు, కోల్‌కతా, తిరువనంతపురంలో ప్రాంతీయ కార్యాలయాలు ఏర్పడ్డాయి. ఏటా ఇన్ని సినిమాలు తీసే తెలుగు నేలకు ఒక్కటీ రాలేదు. అవార్డులకూ షూటింగ్ అనుమతులకూ పెట్టే శ్రద్ధలో పదో వంతు పెట్టినా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక చల్లటి గోదాము లేచేది. ఆ పని రెండు రాష్ట్రాలూ కలిసి ఈ ఏడాదే మొదలుపెట్టాలి.

ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. విజయవాడ గాంధీనగర్‌లోని పాత డిస్ట్రిబ్యూటర్ల గదుల్లో, చెన్నైలో స్థిరపడిన పాత నిర్మాతల ఇళ్లలో, మూతపడిన హాళ్ల ప్రొజెక్టర్ గదుల్లో ఇంకా రేకు డబ్బాలు ఉండొచ్చు. మూత తీస్తే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే లోపలి ఫిల్ము పాడవడం మొదలైందని అర్థం. అప్పుడు కూడా కాపాడే వీలుంటుంది. అలాంటి డబ్బా మీ కంటపడితే తుక్కు కొనేవాడికి వేయకండి. ఎండ తగలకుండా చల్లటి చోట పెట్టి, పుణె ఆర్కైవ్‌కు ఉత్తరం రాయండి.