సూది లేకుండా విటమిన్ కె?

బిడ్డ పుట్టిన కాసేపటికే తొడకి ఓ ఇంజెక్షన్ వేస్తారు. 'పుట్టీపుట్టగానే సూదేంటి?' అని అమ్మమ్మలే కాదు, మన వయసు అమ్మానాన్నలూ అడుగుతుంటారు. అది విటమిన్ కె. డోసు మామూలుగా 1 మిల్లీగ్రాము. రక్తం గడ్డకట్టాలంటే ఇది ఉండాల్సిందే. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి బిడ్డకి చేరేది చాలా తక్కువ, తల్లిపాలలోనూ తక్కువే. లోటు ఎక్కువైతే పేగుల్లో, ఒక్కోసారి మెదడులోనే రక్తస్రావం కావొచ్చు. ఆ ముప్పు 6 నెలల వయసు దాకా ఉంటుంది.

మరి స్టిక్కర్‌లా అంటించేస్తే పోలా? అంత ఈజీ కాదు. బయటివాటిని లోపలికి రానివ్వకపోవడమే చర్మం పై పొర డ్యూటీ. విటమిన్ కె నూనెలో కరిగే రకం కాబట్టి ఆ పొరలోనే ఇరుక్కుపోతుంది. అందుకే బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ పరిశోధకులు సన్నసన్నటి మొనలున్న ప్యాచ్ మీద పనిచేశారు. ఆ మొనలు పై పొరని దాటి, చర్మంలో కరిగిపోతూ మందుని వదులుతాయి.

ఐడియా సూపర్. కానీ నెలలు నిండని బిడ్డ చర్మం మరీ పల్చన. ఏ బిడ్డకి ఎంత మందు వెళ్లాలో అంతే వెళ్లేలా చూడటం కష్టం. ఇదింకా పరిశోధన దశలోనే ఉంది. నోట్లో వేసే చుక్కలున్నా ఒక్కసారితో సరిపోవు, ఒక డోసు మర్చిపోతే రక్షణ తగ్గుతుంది.

కాబట్టి ప్యాచ్ కోసం ఆగొద్దు. పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ ఇంజెక్షన్ ఇవ్వాలని మన కేంద్ర ప్రభుత్వం 2014లోనే చెప్పింది. మీ అక్కకో వదినకో డెలివరీ అయితే, ఫొటో స్టేటస్ పెట్టేముందు నర్సుని ఒక్క మాట అడగండి: 'సిస్టర్, పాపకి విటమిన్ కె వేశారా?'