కుక్కను లోపల పెడితే కోలా బతుకుతుంది

రోజుకు పద్దెనిమిది నుంచి ఇరవై గంటలు చెట్టుకొమ్మ మీద కునుకు. మేలుకున్న కాసేపూ జామాయిల్ ఆకు నమలడం. (మన ప్రకాశం, ఖమ్మం జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్ పుట్టిల్లు ఆస్ట్రేలియాయే.) ఎవరి జోలికీ పోని ఈ ఆస్ట్రేలియా జంతువు కోలాను 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, కాన్‌బెర్రా ప్రాంతాల్లో అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు. తక్షణం పూనుకోకపోతే 2050లోపే తమ రాష్ట్రంలో కోలా కనుమరుగవుతుందని న్యూ సౌత్ వేల్స్ చట్టసభ కమిటీ 2020లోనే హెచ్చరించింది.

నరికిన అడవులు, 2019-20 నాటి కార్చిచ్చు, క్లమీడియా జబ్బు, వీటిని ఎదుర్కోవాల్సింది ప్రభుత్వమే. గ్రేట్ కోలా నేషనల్ పార్కు కోసం 1,76,000 హెక్టార్ల ప్రభుత్వ అడవిని కేటాయిస్తామని 2025 సెప్టెంబరులో న్యూ సౌత్ వేల్స్ ప్రకటించింది. మంచిదే. కానీ బ్రిస్బేన్ పక్కన రెడ్‌ల్యాండ్స్‌లో, సిడ్నీ నైరుతిన క్యాంప్‌బెల్‌టౌన్‌లో కోలాలు కాలనీలను ఆనుకునే తిరుగుతున్నాయి. అక్కడ వాటి ప్రాణం ఇళ్లవాళ్ల చేతిలోనే ఉంది.

చెట్టు మీద కోలాకు ధీమా. నేల మీద దిక్కు లేదు. జతకట్టే కాలంలో, అంటే అక్కడి చలికాలం చివర ఆగస్టు నుంచి వేసవి దాకా, వయసొచ్చిన మగవి కొత్త చోటు వెతుక్కుంటూ రాత్రిళ్లు పెరళ్లు దాటుతాయి, రోడ్లెక్కుతాయి. పెంపుడు కుక్క ఒక్కసారి నోట కరిచినా చాలు: ఒత్తయిన బొచ్చు కింద గాయం కనిపించదు, లోపల మాత్రం నలిగిపోతుంది. అందుకే పైకి బాగానే ఉన్నట్టున్నా పశువైద్యుడికి చూపించాల్సిందే.

ఈత వచ్చినా కోలా స్విమ్మింగ్ పూల్‌లో మునిగి చస్తుంది, నున్నటి గోడ ఎక్కలేక. లావుపాటి తాడు ఒక కొసను గట్టున కట్టి, రెండో కొసకు తేలే డబ్బా తగిలించి నీళ్లలో వదిలితే పట్టుకుని పైకొస్తుంది. నున్నటి రేకుల కంచెకు ఇరువైపులా ఓ దుంగ ఆనించి పెట్టినా అంతే మేలు.

జాలి కూడా ఒక్కోసారి చేటు చేస్తుంది. కార్చిచ్చు రోజుల్లో కోలా నోట్లో సీసాతో నీళ్లు పోస్తున్న ఫొటోలు లోకమంతా తిరిగాయి. తల వెనక్కి వంచి తాగిస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గిన్నెలో పోసి చెట్టు మొదట్లో పెట్టాలి. గాయపడ్డదాన్ని చేత్తో పట్టకూడదు, గోళ్లతో చీరేస్తుంది; బట్టల బుట్ట బోర్లించి, వన్యప్రాణి సంరక్షకులకు ఫోన్ చేయాలి. న్యూ సౌత్ వేల్స్‌లోని పోర్ట్ మక్వారీలో 1973 నుంచి నడుస్తున్న కోలా ఆసుపత్రికి స్వచ్ఛంద కార్యకర్తలే ఊపిరి.

చెట్లు నాటడమూ వృథా పోదు. న్యూ సౌత్ వేల్స్‌లోని గన్నెడా రైతులు 1990లలో చవుడు నేలల బాగు కోసం నాటిన చెట్లలోకి కోలాలు వాటంతటవే వచ్చి చేరాయి. కాకపోతే మొక్క మానవడానికి ఏళ్లు కావాలి. కుక్కను లోపలికి పిలవడానికి నిమిషం చాలు. మొక్క నాటితే ఫొటో వస్తుంది, తలుపేస్తే రాదు, తేడా అదే.

కోలాలు తిరిగే శివార్లలో ఇళ్లు కొనుక్కుంటున్న తెలుగువాళ్లకు ఓ మనవి: ఆగస్టు రాకముందే స్థానిక వన్యప్రాణి సహాయ నంబరు ఫోన్‌లో ఎక్కించుకోండి, పొద్దుగూకాక కుక్కను పెరట్లో వదలకండి.