ఆ ఐదుగురూ... ఆ పాత క్యాసెట్టూ!

2023 మే నెలలో మా కాలనీలో ఒకావిడ 'ఆఫీసు పని మీద ముంబై వెళ్తున్నా'నని ఇంట్లో చెప్పి బయల్దేరింది. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. తీరా వెళ్ళింది ఎక్కడికో తెలుసా? బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ పాటల కచేరీకి! అదే గ్రూపు 2025 జూలై నుంచి అమెరికాలోని లాస్ వెగాస్‌లో కచేరీలు పెట్టిన సంగతి మాటల్లో వస్తే, అప్పుడు నోరు విప్పింది. "నిజం చెబితే నవ్వుతారు కదండీ" అంది.

ఉద్యోగం ఆవిడది, టికెట్టు డబ్బులూ ఆవిడవే. అయినా అబద్ధం ఆడాల్సి వచ్చింది. ఎందుకంటారు?

తొంభైల చివర్లో కేబుల్ టీవీ ఉన్న ఇళ్ళల్లో పెరిగిన అమ్మాయిలకి ఈ ఐదుగురినీ పరిచయం చేయక్కర్లేదు. 1993లో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండోలో మొదలైన గ్రూపు ఇది. 1999లో వచ్చిన 'మిలీనియం' ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే తొలివారంలో 11 లక్షల పైచిలుకు అమ్ముడైంది. అందులో అందరికీ నోటికొచ్చిన 'ఐ వాంట్ ఇట్ దట్ వే' పాట రాసింది ఇంగ్లిషు మాతృభాష కాని స్వీడన్ వాళ్ళు. దాని అర్థం సరిగా పొసగదని గ్రూపువాళ్ళే ఒప్పుకున్నారు. మనవాళ్ళకి ఆ బాధే లేదు! ఎంటీవీలోనో, ఛానల్ వీలోనో విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకుని పాడేవాళ్ళు. అర్థమేమిటని ఎవరడిగారు?

అప్పుడూ ఇంట్లో ఒకటే మాట... "ఇదేం వెర్రే!"

ఆ వెర్రి మీద కోట్లు గడించినవాళ్ళు మాత్రం ఏనాడూ నవ్వలేదు. గ్రూపును కూడగట్టిన లూ పెర్ల్‌మన్ అనే వ్యాపారి, తననూ ఆరో సభ్యుడిగా లెక్కేసుకుని కుర్రాళ్ళ ఆదాయంలో వాటా తీసుకున్నాడు. కచేరీలు చేసి చేసి అలసిపోతున్నా చేతికొచ్చేది అంతంతమాత్రమేనని గ్రహించి, వాళ్ళు కోర్టుకెక్కారు. బ్రయన్ అనే సభ్యుడికైతే గుండె ఆపరేషన్ కూడా కచేరీల కోసం వాయిదా పడింది. చివరికి 1998 మేలో చేస్తే, రెండు నెలలకే మళ్ళీ స్టేజీ ఎక్కాడు. పెర్ల్‌మన్‌కి వేరే భారీ మోసాల కేసులో 2008లో పాతికేళ్ళ శిక్ష పడింది. 2016లో శిక్ష అనుభవిస్తూనే పోయాడు. చూశారా, అమ్మాయిల సంబరం పనికిమాలినదని లోకం అంటున్న రోజుల్లోనే, దాని విలువ రూపాయల్లోనూ డాలర్లలోనూ కట్టుకున్నవాళ్ళు కట్టుకున్నారు.

ఇప్పుడూ కడుతున్నారు. అప్పుడు పాకెట్ మనీతో క్యాసెట్ కొన్న పిల్ల ఇప్పుడు జీతం తీసుకుంటోందన్న సంగతి నిర్వాహకులకి బాగా తెలుసు. లాస్ వెగాస్‌లో స్ఫియర్ అనే గుండ్రటి పెద్ద హాల్లో జరిగిన ఆ కచేరీలకి 'మిలీనియం' పేరే మళ్ళీ వాడారు. ఆ ఆల్బమ్ అట్ట మీద ఐదుగురూ తెల్లబట్టల్లో ఉంటారు. అందుకని అభిమానులు కూడా తెల్లబట్టలు కట్టుకుని వెళ్ళారు. జ్ఞాపకం కూడా సరుకే అయింది, నిజమే. ఆ మాట నేనూ అంటాను. కానీ సరుకైంది మన ఆడవాళ్ళ జ్ఞాపకం ఒక్కటేనా?

2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి 'పోకిరి'ని మళ్ళీ థియేటర్లలో వేశారు. ఆ ఏడాది చివర్లో 'ఖుషి' వేశారు. తెర ముందు కాగితాలు ఎగరేసి, ఈలలు వేసి గంతులేసినవాళ్ళలో పెళ్ళాం పిల్లలున్న మగాళ్ళు తక్కువమందేమీ లేరు. వాళ్ళెవరూ ఆఫీసు పనని చెప్పి వెళ్ళలేదు! 'పాత రోజులు గుర్తు చేసుకుంటున్నారు, పాపం' అని ఊరుకున్నాం. అదే ఆడది పదిహేడేళ్ళ నాటి పాట వినడానికి ఊరు దాటితే... 'ఈ వయసులోనా?'

పదిహేనుకీ పాతికకీ మధ్య విన్న పాటలు మనిషికి జన్మంతా గట్టిగా గుర్తుండిపోతాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతారు. మన దగ్గర చాలామంది అమ్మాయిలకి సరిగ్గా ఆ ఏళ్ళలోనే పెళ్ళయిపోతుంది. ఊరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది. పుట్టింటి గోడ మీది బొమ్మలు మరుసటి సున్నాలకే పోతాయి. ముంబైలో ఆవిడ వెతుక్కుంది ఆ ఐదుగురినేనని నాకైతే అనిపించదు. వాళ్ళలో పెద్దవాడైన కెవిన్‌కి అప్పటికే యాభై దాటాయి. "పక్కనున్నావిడ ఎవరో తెలీదండీ, చేయి పట్టుకుని ఏడ్చేశాం" అని నవ్వింది.

ఆ రోజు గేటు దగ్గర చేతికి కట్టిన పట్టీ బీరువాలో పట్టుచీర మడతలో ఇంకా ఉందట.

"మరి మీవారికి చెప్పారా?" అన్నాను.

"ఇంకా లేదండీ" అంది.